అగోచరం అట్టముక్కల్లో ఉందా?



సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

చిలక జోస్యం వాడు వీధిలోకి వస్తే మన పెద్దవాళ్ళు పిల్లల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేవారు. పంజరంలోంచి చిలక బయటికి వచ్చి, వరుసగా పేర్చిన కార్డుల్లోంచి ఒకదాన్ని ముక్కుతో లాగేది. అందులోని బొమ్మను చూసి జోస్యుడు పెళ్ళి గురించో, కోర్టు కేసు గురించో చెప్పేవాడు. అది మనకు తగదని పెద్దలు ఒక్క మాటతో తేల్చేసేవారు. ఇప్పుడు చిలకా లేదు, పంజరమూ లేదు. కార్డులు మాత్రం ఫోను ద్వారా ఇంట్లోకే వచ్చేశాయి. వాటిని టారో కార్డులంటున్నారు. చదువుకున్న మన పిల్లలు, ముఖ్యంగా సంబంధాలు చూస్తున్న ఆడపిల్లలు, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్ళు వాటిని చూస్తున్నారు. వారించబోయిన తల్లికి వాళ్ళు చెప్పే జవాబు ఇలా ఉంటుంది: "అమ్మీ, ఇది జోస్యం కాదు. నేనేమీ నమ్మడం లేదు. ఊరికే చూస్తున్నాను. దీనివల్ల నా మనసు నాకు తెలుస్తుంది."

ఈ జవాబును తేలిగ్గా తీసిపారేయకూడదు. అసలు ఆ కార్డులేమిటో తెలుసుకోకుండా 'హరామ్' అన్న ఒక్క మాటతో సరిపెడితే, పిల్లలు మన ఎదుట ఫోను మూసి మన వెనుక తెరుస్తారు. ఒక చెడు గురించి తెలుసుకోవడం వేరు, దాన్ని ఆశ్రయించడం వేరు. కనుక ముందు ఆ కార్డుల సంగతి చూద్దాం.

టారో కట్టలో 78 కార్డులుంటాయి. వాటిలో 22 ప్రత్యేకమైన బొమ్మల కార్డులు. మిగిలిన 56 మన పేకముక్కల్లాంటివే. పేకలో ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను ఉన్నట్లే ఇందులో కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలు అని నాలుగు వర్గాలుంటాయి. ఒక్కో వర్గంలో ఆసు మొదలు పది దాకా అంకెల కార్డులు, వాటిపైన సేవకుడు, అశ్వికుడు, రాణి, రాజు, మొత్తం 14 కార్డులు. జోస్యం చెప్పేవారు ఈ నాలుగింటికీ మనిషి జీవితాన్ని పంచిపెట్టారు. కర్రలంటే నిప్పు అట, పని, పట్టుదల, ప్రయాణం వాటి కిందికి వస్తాయట. కప్పులంటే నీరు, అంటే ప్రేమ, పెళ్ళి, మనసులోని భావాలు. కత్తులంటే గాలి, అంటే ఆలోచన, తగాదా, దుఃఖం. నాణేలంటే మట్టి, అంటే డబ్బు, ఇల్లు, ఆరోగ్యం. కత్తుల మూడులో ఒక హృదయాన్ని మూడు కత్తులు చీల్చినట్టు బొమ్మ ఉంటుంది. అది వస్తే మనసు విరిగిపోతుందని, దంపతుల మధ్యకు మూడో మనిషి వస్తుందని చెబుతారు. కప్పుల అయిదులో నల్లని వస్త్రం కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు కప్పుల ముందు తలవంచి నిలబడి ఉంటాడు. నాణేల అయిదులో మంచులో వెళుతున్న ఇద్దరు దరిద్రులు, కత్తుల పదిలో వీపున పది కత్తులు దిగి పడి ఉన్న మనిషి. కార్డు తలకిందులుగా వస్తే అర్థం మారుతుందంటారు.

ఇంత వివరంగా చెబుతుంటే ఇదేదో లోతైన పురాతన విద్య అనిపిస్తుంది. ఈ అర్థాలు ఎవరు, ఎప్పుడు చెప్పారో చూస్తే ఆ భ్రమ తొలగిపోతుంది. ఆ చరిత్ర మొదలయ్యేది కూడా ఒక ముస్లిం రాజ్యంలోనే.

1250 నుండి 1517 వరకు ఈజిప్టును మమ్లూక్ సుల్తానులు పాలించారు. వారి కాలపు పేకముక్కల కట్ట ఒకటి ఇస్తాంబూల్‌లోని తోప్కాపీ ప్రాసాదంలో భద్రంగా ఉంది. దానిలోని నాలుగు వర్గాలు కప్పులు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు. పెద్ద కార్డుల మీద మనుషుల బొమ్మలు లేవు. తీగలు, పూల అల్లికలు, అరబీ లిపిలో హోదాల పేర్లు మాత్రమే ఉన్నాయి: మలిక్ అంటే రాజు, నాయిబ్ అంటే ఆయన ప్రతినిధి, ఆ కింద రెండో నాయిబ్. ఈ ఆట 14వ శతాబ్దంలో మధ్యధరా సముద్రం దాటి ఐరోపా చేరింది. 1377లో ఫ్లోరెన్స్ నగరం ఈ ఆటను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు దాన్ని 'నాయిబ్బె' అని పేర్కొంది. ఆ పేరు మన 'నాయిబ్' నుండి వచ్చిందే. అక్కడివారికి పోలో ఆట తెలియదు. పోలో కర్రను చూసి అదేమిటో అర్థంకాక దుడ్డుకర్ర చేసేశారు. నేటి టారోలో 'నిప్పు', 'పట్టుదల' అని వర్ణిస్తున్న కర్రకు మూలం గుర్రం మీద కూర్చుని బంతిని కొట్టే కర్ర! మన ఊళ్ళలో పేకాటవాళ్ళు వాడే 'ఇస్పేటు' మాట కూడా మూలానికి వెళితే ఐరోపా భాషల్లో కత్తికి వాడే మాటే.

టారో కట్ట 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టింది. అప్పటికే ఉన్న నాలుగు వర్గాల పేకకు అక్కడివారు బొమ్మల కార్డులు చేర్చి కొత్త ఆట ఒకటి తయారుచేశారు. ఆ ఆట ఫ్రాన్సులో, ఆస్ట్రియాలో నేటికీ ఆడుతున్నారు. మూడు వందల ఏళ్ళకు పైగా అది ప్రధానంగా ఆటే. 1781లో పారిస్‌లో కూర్ ద జెబెలాఁ అనే రచయిత, ఇవి ఫిరౌనుల నాటి ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని ప్రకటించాడు. అప్పటికి ఈజిప్టు ప్రాచీన లిపిని చదవగలిగినవాడు ఐరోపాలో ఒక్కడూ లేడు. షాంపోలియోఁ దాన్ని చదివింది 1822లో. చదివాక ఆ మాటను బలపరిచే ఆధారమేదీ కనబడలేదు. ఈలోగా, 1785లోనే, ఎతేయ్యా అన్న పేరుతో రాసిన మరో ఫ్రెంచివాడు ఈ కార్డులతో జోస్యం చెప్పే విధానాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. ఇక ఈనాడు ఫోనుల్లో కనిపించే బొమ్మలు మరీ ఇటీవలివి. 1909లో లండన్‌లో ఎ.ఇ. వేట్ అనే ఆయన ఆలోచనతో పామెలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి వాటిని గీసింది. అంతకు ముందు చాలా కట్టల్లో కత్తుల మూడంటే మూడు కత్తులే, కప్పుల అయిదంటే అయిదు కప్పులే. విచిత్రమేమిటంటే ఆ వేట్ కూడా ఈజిప్టు కథకు ఆధారం లేదనే రాశాడు.

అర్థాల విషయంలోనూ వీరిలో వీరికి పొత్తు కుదరదు. కత్తి గాలి అని కొందరంటే, కాదు కత్తే నిప్పు, కర్రే గాలి అని మరికొందరంటారు. ఇంకొందరి లెక్కలో కత్తులు యోధులు, కప్పులు మతగురువులు, నాణేలు వర్తకులు, కర్రలు రైతులు. ఎవరికి తోచిన అర్థాన్ని వారు ఈ అట్టముక్కలకు అంటించారు. అలా అంటించిన చేతులు ఎవరివో, ఏ సంవత్సరంలో అంటించారో కూడా మనకు తెలుసు. ఇందులో అల్లాహ్ అవతరింపజేసిన ఆధారం రవ్వంత కూడా లేదు.

ఇప్పుడు మక్కాకు వద్దాం.

అజ్ఞాన కాలంలో అరబ్బులు ప్రయాణానికైనా, పెళ్ళికైనా, వ్యాపారానికైనా బయల్దేరే ముందు ములుకులు లేని బాణాలతో సోది చూసేవారు. వాటిని 'అజ్లామ్' అనేవారు. ఒకదాని మీద ప్రభువు ఆజ్ఞాపించాడని, మరొకదాని మీద ప్రభువు వారించాడని రాసి ఉండేదని, మూడోది ఖాళీగా ఉండేదని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. ఖాళీది వస్తే మళ్ళీ తీసేవారు. దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 3వ ఆయత్‌లో ఇలా బాణాలతో అదృష్టం తెలుసుకోవడాన్ని నిషేధించింది. అదే సూరా 90వ ఆయత్ సారాయి, జూదం, విగ్రహపీఠాలతో పాటు ఈ బాణాలను కూడా షైతాను పనుల్లోని మాలిన్యంగా ప్రకటించి, విశ్వాసులను వాటికి దూరంగా ఉండమంది. ఆ బాణం కర్రపుల్ల. ఈ కార్డు అట్టముక్క. వస్తువు మారింది గానీ, దాని చేత ప్రశ్నకు జవాబు చెప్పించుకునే పని మారలేదు.

మక్కా విజయం నాడు దైవప్రవక్త (స) కాబా గృహంలోకి వెళ్ళబోతే అక్కడ హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై), హజ్రత్ ఇస్మాయీల్ (అలై)ల చేతుల్లో ఈ బాణాలు పెట్టి గీసిన బొమ్మలున్నాయి. వాటిని తొలగించేదాకా ఆయన (స) లోపల అడుగు పెట్టలేదు. ఆ ఇద్దరూ ఎన్నడూ బాణాలతో సోది చూడలేదని ఈ బొమ్మలు చేసినవారికి తెలుసునని అన్నారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనగా బుఖారీలో ఇది ఉంది. జోస్యానికి పురాతన మహనీయుల పేరు తగిలించడం అప్పుడూ ఉందన్నమాట. పారిస్ రచయిత ఈజిప్టు పూజారుల పేరు చెప్పుకున్నాడు, మక్కావాళ్ళు ప్రవక్తల పేరే వాడుకున్నారు.

సురాఖా బిన్ మాలిక్ ఉదంతం మీలో చాలామంది వినే ఉంటారు. హిజ్రత్ సమయంలో దైవప్రవక్త (స)ను, హజ్రత్ అబూ బక్ర్ (రజి)ను పట్టి ఇచ్చినవారికి ఖురైషులు భారీ బహుమానం ప్రకటించారు. సురాఖా గుర్రమెక్కి వెంటబడ్డాడు. దగ్గరికి వచ్చేసరికి గుర్రం తొట్రుపడి అతణ్ణి పడేసింది. లేచి అమ్ములపొదిలోంచి బాణాలు తీసి సోది చూశాడు. తనకు ఇష్టం లేనిదే వచ్చింది. అప్పుడేం చేశాడు? బాణం మాటను పక్కనబెట్టి మళ్ళీ గుర్రమెక్కాడు! ఎందుకంటే అతని కళ్ళ ముందు ఒంటెలు కదులుతున్నాయి. చివరికి గుర్రం ముందు కాళ్ళు మోకాళ్ళ దాకా నేలలో దిగబడితే గానీ ఆగలేదు. దీన్ని స్వయంగా సురాఖాయే, అల్లాహ్ అతనికి ఇస్లామ్ భాగ్యం ప్రసాదించిన తరువాత, చెప్పుకున్నారు. కార్డులు చూసేవారు కూడా ఇంతే. మనసుకు నచ్చింది వస్తే "చూశావా, నిజం చెప్పింది" అంటారు. నచ్చనిది వస్తే ఇంకో కార్డు తీస్తారు.

మరి ఆ రోజు బాణం చెప్పింది నిజమే అయ్యింది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. జోస్యుల మాట ఒక్కోసారి నిజమవుతోందేమిటని సహచరులు కూడా అడిగారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిమ్ రెండింటిలోనూ ఉంది. జోస్యులు ఏమీ కారని మొదట దైవప్రవక్త (స) చెప్పారు. ఆ నిజమైన మాట జిన్ను దొంగిలించి తన స్నేహితుడి చెవిలో వేసేదని, దానికి వారు నూరుకు పైగా అబద్ధాలు కలుపుతారని వివరించారు. నిజమైనంత మాత్రాన ఒక దారి ధర్మసమ్మతం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఇక జిన్నులకైనా అగోచర జ్ఞానం లేదు. హజ్రత్ సులైమాన్ (అలై) చేతికర్రను ఆనుకుని ఉండగానే మరణించారు. పురుగు ఆ కర్రను తినేసి ఆయన దేహం పడిపోయేదాకా జిన్నులు ఆ సంగతి తెలియక చాకిరీ చేస్తూనే ఉన్నాయని సబా సూరా 14వ ఆయత్ చెబుతోంది. ఎదుట ఉన్న మనిషి మరణించాడని తెలియనివారు నీ పెళ్ళి సంగతి ఎలా చెబుతారు?

కార్డు చెప్పింది 'నాకే సరిపోయింది' అనిపించడానికి చాలాసార్లు జిన్ను కూడా అక్కర్లేదు. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఒక్కొక్కరి స్వభావం ఇదీ అని కాగితాలు పంచాడు. ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వచ్చింది. తరువాత తేలిందేమిటంటే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని మాటలు చాలామటుకు బజారులో దొరికే జాతకాల పుస్తకంలోనివే. నీకు ఇతరుల మెప్పు కావాలని ఉంటుంది, పైకి ధైర్యంగా ఉన్నా లోపల దిగులు పడతావు అంటే కాదనేవారెవరు? కార్డు మాట్లాడదు. మన దిగులే దాని నోట మాట్లాడుతుంది.

ఇక 'నేను నమ్మడం లేదు, ఊరికే చూస్తున్నాను' అన్న మాట దగ్గరికి వద్దాం. హదీసుల్లో దీనికి రెండు వేర్వేరు హెచ్చరికలున్నాయి. వాటిని కలిపి చదవడంతో మనవాళ్ళు చాలామంది గమనించరు. జోస్యుని వద్దకు వెళ్ళి అతని మాటను నిజమని నమ్మినవాడు ముహమ్మద్ (స)పై అవతరించిన దానిని తిరస్కరించినవాడే అన్న హెచ్చరిక ఒకటి. అది నమ్మినవారికి. సహీహ్ ముస్లిమ్‌లోని మరో ఉల్లేఖనంలో నమ్మడం ప్రసక్తే లేదు. సోది చెప్పేవాని వద్దకు వెళ్ళి ఏదైనా అడిగితే చాలు, నలభై రాత్రుల నమాజు స్వీకరించబడదని అందులో ఉంది. అది కేవలం అడిగినవారికి! 'ఊరికే అడిగాను' అన్న సాకును దైవప్రవక్త (స) పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే మూసేశారు. నలభై రోజులు నమాజు మానేయవచ్చని దీని భావం ఎంతమాత్రం కాదు. నమాజు విధిగా చేయవలసిందే, దాని పుణ్యఫలం మాత్రం దక్కదని ఇమామ్ నవవీ వంటి పండితులు వివరించారు. తెల్లవారుజామున చలిలో వుజూ చేసి నిలబడే బిడ్డ, ఒక్క బొమ్మ కోసం ఆ నలభై రోజుల ఫజ్ర్‌ను పోగొట్టుకుంటుందంటే ఏ తల్లి మనసు తల్లడిల్లదు?

'నా మనసు నాకు తెలుస్తుంది' అన్నది మిగిలింది. ఆ కార్డుల ముందు మన పిల్లలు ఏమి అడుగుతున్నారో ఒకసారి గమనించండి. అతను నా గురించి ఏమనుకుంటున్నాడు? మా అత్త మనసులో ఏముంది? నా భర్త నా దగ్గర ఏం దాస్తున్నాడు? ఇవి తమ మనసు గురించిన ప్రశ్నలు కావు, పరాయి హృదయాల గురించినవి. అగోచరమంటే రేపు జరగబోయేదే కాదు, ఎదుటివారి గుండెలో ఉన్నది కూడా. యుద్ధంలో కలిమా పలికిన వ్యక్తిని, ప్రాణభయంతో పలికాడని భావించి హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) చంపేశారు. అతని గుండెను చీల్చి చూశావా అని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. అంతటి సహచరునికే లేని అధికారం కత్తుల మూడుకు ఎక్కడిది? ఆ బొమ్మ చూసి 'మూడో మనిషి ఉంది' అని ఒక భార్య మనసులో పడితే, భర్త ఆలస్యంగా వచ్చినా అనుమానమే, ఫోను పక్కకు పెట్టినా అనుమానమే. హుజురాత్ సూరా 12వ ఆయత్ అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని హెచ్చరిస్తోంది. బఖరా సూరా 102వ ఆయత్‌లో ఆ ప్రజలు నేర్చుకున్న విద్య గురించి చెబుతూ, అది భార్యాభర్తలను విడదీసేదని ప్రత్యేకంగా పేర్కొనడం జరిగింది. ఎన్నో కీడులుండగా అల్లాహ్ ఆ ఒక్కదాన్నే ఎత్తి చూపాడు.

పిల్లల్ని అనేముందు మన ఇళ్ళను కూడా చూసుకోవాలి. ఫాల్‌నామా తెరిచి కళ్ళు మూసుకుని వేలు పెట్టడం మనవాళ్ళకు కొత్త కాదు. 17వ శతాబ్దపు గోల్కొండలో తయారైనదని పండితులు చెప్పే బొమ్మల ఫాల్‌నామా ఒకటి నేటికీ ఉంది. దానిలో ప్రవక్తల గాథల బొమ్మలు చూసి భవిష్యత్తు చెప్పేవారు. సంబంధం కుదరకపోతే ఆమిల్ దగ్గరికి వెళ్ళి పేరు, తల్లి పేరు చెప్పి 'హిసాబు తీయించే' ఇళ్ళు ఎన్ని లేవు? ఆమిల్‌ను అడిగే తల్లి కార్డును అడిగే కూతుర్ని ఏ నోటితో వారిస్తుంది? చివరికి ఇస్తిఖారాను కూడా మనవాళ్ళు జోస్యంగా మార్చేశారు. డబ్బిచ్చి ఎవరిచేతనో చేయించి, కలలో పచ్చరంగు వచ్చిందా, ఎర్రరంగు వచ్చిందా అని అడుగుతారు.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో కలల మాటే లేదు. దైవప్రవక్త (స) ఖుర్ఆన్‌లోని సూరాను నేర్పినంత శ్రద్ధగా ప్రతి విషయంలోనూ ఇస్తిఖారా చేయడం నేర్పేవారని అందులో ఉంది. పని తలపెట్టిన మనిషే రెండు రకాతుల నఫిల్ నమాజు చేయాలి. తరువాత అల్లాహ్ జ్ఞానాన్ని ఆధారం చేసుకుని మేలు అర్థించాలి. ఈ పని నా ధర్మానికి, జీవనానికి, పరిణామానికి మంచిదైతే నాకు సులభం చేయమని, చెడ్డదైతే దాన్ని నా నుండి, నన్ను దాని నుండి మళ్ళించమని, మంచి ఎక్కడున్నా అదే నాకు నిర్ణయించి దానితో నన్ను తృప్తిపరచమని వేడుకోవాలి. గమనించండి, ఇందులో దాసుడు ఫలితం ముందుగా చెప్పమని అడగడం లేదు. తెలియకపోయినా నడిపించమని అడుగుతున్నాడు. ఆ తర్వాత తెలిసినవారిని సంప్రదించి, అబ్బాయి గుణగణాలు విచారించి, ముందుకు సాగాలి. పని కుదిరితే కృతజ్ఞత, కుదరకపోతే ఓర్పు.

కూతురు అడిగినప్పుడు ఈ రెండు రకాతులు తల్లి తన పక్కన నిలబెట్టుకుని నేర్పాలి. దుఆ అరబీలో రాకపోతే కాగితం మీద రాసిచ్చి, అర్థం చెప్పాలి. 'నీ మనసులో ఏముంది బేటా' అని అడిగి వినడానికి ఓ గంట కేటాయించాలి. ఇంట్లో వినేవారు లేక పిల్లలు కార్డుల దగ్గరికి వెళ్ళిన సందర్భాలే ఎక్కువ.

కార్డులు చదివి సంపాదించేవారికి ఒక మాట. జోస్యం మీద వచ్చే రాబడిని దైవప్రవక్త (స) నిషేధించారు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఒకసారి సేవకుడు తెచ్చిన ఆహారం తిన్నాక, అది అజ్ఞాన కాలంలో చెప్పిన జోస్యానికి అందిన ప్రతిఫలమని తెలిసి, నోట్లో వేలు పెట్టుకుని కడుపులోనిదంతా కక్కేశారు. అలాంటి వీడియోలకు డబ్బు కట్టేవారికీ ఇది వర్తిస్తుంది.

ఇప్పటికే చూసినవారు నిరాశ చెందనక్కర్లేదు. తౌబా ద్వారం తెరిచే ఉంది. ఆ యాప్‌ను ఫోనులోంచి తీసేసి, మళ్ళీ ఆ వైపు పోనని నిశ్చయించుకుని, అల్లాహ్‌ను మన్నింపు వేడుకోవాలి. నమాజును ఒక్కపూట కూడా వదలకూడదు. కార్డు మాట విని భర్త మీదో, కోడలి మీదో, స్నేహితురాలి మీదో నింద వేసి ఉంటే, వారి దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడగడం కూడా ఆ తౌబాలో భాగమే.